రిమ్మా కిటికీలో టమాటా నారు

రిమ్మా కప్పులను ఒక్కొక్కటే తిప్పి పెడుతోంది. పొద్దున లేవగానే చేసే పని అది. తిప్పకపోతే టమాటా మొలకలన్నీ అద్దం వైపే మెడలు సాచి ఒరిగిపోతాయి. బయట ఇంకా తెల్లవారలేదు. మొలకలకు ఎండ బదులుగా కిటికీకి వేలాడదీసిన దీపం మాత్రం ఊదారంగు వెలుగు కురిపిస్తోంది. కిటికీ కింద, ఇంటిని వెచ్చబెట్టే వేడినీళ్ళ గొట్టాల సెగకు వేళ్ళు ఉడికిపోకుండా కప్పుల అడుగున చెక్క వేసింది. రష్యాలో ఉరల్ కొండల దగ్గరి ఆ పట్టణంలో మార్చి అంటే నేల ఇనుములా బిగుసుకుపోయి ఉంటుంది. తోట ఇంట్లోనే మొదలుకావాలి.

ఈ ఏడు ఆమెకు తోట లేదు. విడాకులప్పుడు ఇల్లు ఆమెకు, ఊరి బయటి తోట భర్త అర్సేనీకి వచ్చాయి. అతను ఉండే హాస్టల్ గదికి ఎండ పొడ తగలదు. ఫిబ్రవరిలో ఫోన్ చేసి, "ఈసారి కూడా నారు పోస్తావా?" అన్నాడు. "చూద్దాం" అంది. ఫోన్ పెట్టేసిన చేత్తోనే విత్తనాలు తడిగుడ్డలో మూటగట్టింది. అంత ముందు పోస్తే మొక్కలు బారెడు సాగి పాడవుతాయని తెలుసు. అయినా ఇంట్లో ప్రాణమున్నది ఏదో ఒకటి ఉంటే చాలనిపించింది.

నాటడానికి ఇద్దరు కావాలి. పెళ్ళయిన నాటినుంచీ అతను గుంట తీస్తే ఆమె మొక్క దించేది. ఈసారీ రమ్మంటాడని ఆమె ఆశ. తానుగా అడగదు. పిలవని పేరంటానికి ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

పక్కింటి ఫైనా ఉప్పు కోసం వచ్చి గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"ఏమే, నీ కిటికీ చూసి మా ఆయన నువ్వు డాన్స్ క్లబ్ పెట్టావంటున్నాడు!"

"రమ్మను. టికెట్ లేదు."

"తోట ఆయనకీ, చాకిరీ నీకూనా?"

"నీళ్ళు పొయ్యడమేగా ఫైనా."

"నీళ్ళొక్కటేనా? గోడలోంచి అన్నీ వినిపిస్తున్నాయిలే. మొక్కలతో అన్నేసి కబుర్లు చెప్తావు, ఆ మనిషితో నేనూ వస్తానని ఒక్క మాట అనలేవూ?"

రిమ్మా ఉప్పు డబ్బా అందుకుంది. గిన్నెలో ఉప్పు పోసి ఇచ్చింది.

ఏప్రిల్ నాటికి మొక్కలు సన్నగా సాగి, నిలవలేక వాలిపోయాయి. పుల్లలు గుచ్చి, పాత మేజోళ్ళు చింపిన పీలికలతో కట్టి నిలబెట్టింది. రోజూ వాటికి ఆ పూట ఏం వండిందో చెప్పేది.

మే నెలాఖరున ఒక శనివారం అర్సేనీ అట్టపెట్టెలతో వచ్చాడు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి, కొత్త చోటికి వచ్చినవాడిలా నిలబడ్డాడు.

"బాగా సాగాయే!"

"తొందరపడి పోశాను."

"పర్లేదులే, లోతుగా నాటితే సరి."

"గుంటలు తీశావా?"

"తీసేశాను. రేపు నాటడమే. పక్క తోట ముసలాయన సాయం వస్తానన్నాడు."

"మంచిదే" అంది రిమ్మా.

ఒక్కో పెట్టె కిందికి చేరింది. కిటికీ బోసిపోయింది. ఆఖరి పెట్టె చేతుల్లోకి తీసుకుని గుమ్మంలో ఆగాడు అర్సేనీ. ఆమె మొహంలోకి చూశాడు. పెదవి కదిలింది.

"రిమ్మా..."

"అనకు!" అందామె గబుక్కున, చెయ్యి అడ్డంపెట్టి. నారు ఇచ్చినవాళ్ళకు థాంక్స్ చెబితే ఆ నారు బతకదని అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. ఎన్నేళ్ళ అలవాటో అది, ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది.

అతను చెప్పబోయింది థాంక్సో, రేపు నువ్వూ రమ్మనో! చెయ్యి అలా గాలిలో ఉండగానే ఆమెకు ఆ సంగతి తట్టింది. "ఏం చెప్పబోయావు?" అని అడగాలనుకుంది.

అర్సేనీ పెదవులు బిగించి, సరేనన్నట్టు తలూపాడు. ఆకులు తలుపుకు తగలకుండా పెట్టెను ఏటవాలుగా తిప్పుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.