అవతలి జట్టు వైపు

మా కొండరాజ్యంలో, తాంగ్ లోయలో నా అంత విలుకాడు పుట్టలేదు. నేను వెదురు విల్లు పట్టుకుని నిలబడితే, అల్లంత దూరాన ఉన్న గురిచెక్క తనే వచ్చి నా బాణం మీద వాలేది.

పోటీకి ముందు రాత్రి మేం మగాళ్లం భార్యలకు దూరంగా గొడ్లసావిట్లో పడుకునేవాళ్లం. ఆడది తాకితే విల్లుకు సత్తువ పోతుందని నమ్మకం. నా భార్య కున్జాంగ్ మాత్రం చీకటితోనే లేచి ఆవు పాలు పితికి, వెన్న టీ చిలికి, జట్టంతటికీ ఎర్రబియ్యం అన్నం, మిరపకాయల జున్నుకూర వండి మైదానానికి మోసుకొచ్చేది. ఆ పైన మా ఊరి ఆడవాళ్ల వరసలో నిలబడి, అవతలి ఊరి విలుకాళ్లను ఎగతాళి చేస్తూ పాడాలి. ఆ పాటకు ఎవరూ కోపం తెచ్చుకోకూడదు, అది ఆట నియమం.

ఆ ఏడు కొత్త సంవత్సరం పోటీ చూడ్డానికి విదేశం నుంచి ఒకావిడ వచ్చింది. "మీ రాజ్యంలో ఇల్లూ పొలమూ కూతుళ్లకేనట! మీరంతా రాణులు," అని మురిసిపోయింది. నిజమే, నేను ఇల్లరికం వచ్చినవాణ్ణే. ఇల్లు కున్జాంగ్‌ది గనక ఇంటి చాకిరీ కూడా ఆమెదేనని మా మగాళ్ల తీర్పు.

ఆవిడ వెంట వచ్చిన గైడు ఆ మాట మా భాషలో చెప్పగానే, టీ పోస్తున్న కున్జాంగ్ చెయ్యి ఆగిపోయిందట. "రాణినా? నేను కూర్చుని ఉండగా ఎవరైనా నాకు వడ్డించిన పూట ఒక్కటైనా ఉందా అని వెతుక్కున్నాను. దొరకలేదు," అని ఎన్నో ఏళ్ల తర్వాత నాతో అంది. ఆ రోజు మాత్రం టీ కుండ కింద పెట్టి, మైదానం దాటి, అవతలి ఊరి ఆడవాళ్ల వరసలో నిలబడింది.

నేను విల్లెత్తాను. ఆమె నవ్వుతూ పాటెత్తుకుంది.

"ఓ గురిగల మగడా! అంత దూరాన చెక్కముక్క కనబడుతుంది, కాళ్ల దగ్గర ఖాళీ బిందె కనబడదా? నా చెయ్యి తగిలితే విల్లు మైలట, నీ ఎంగిలి గిన్నెకు ఆ మైల అంటదా?"

మైదానమంతా గొల్లుమంది. మా జట్టులోని ముసలి నామ్‌గే, "ఒరే, గురి సంగతి తర్వాత, ముందు ఆ బిందె చూడరా!" అని అరిచాడు. నా బాణం పక్క చేలో పడింది. రెండోదీ అక్కడికే. నిజం చెప్పొద్దూ, అంతకుముందు ఏళ్లలోనూ నా బాణాలకు ఆ చేను బాగా అలవాటే.

విదేశీ ఆవిడ చప్పట్లు కొట్టింది. "ఏమని పాడుతోంది?"

"భర్త గెలవాలని. మా సంప్రదాయం," అన్నాడు గైడు.

భోజనాల వేళ కున్జాంగ్ అవతలివాళ్ల చాప మీద కూర్చుని, వాళ్లు వడ్డించింది తింది. మా జట్టుకు నేనే వడ్డించాను. ఆ తర్వాత ఏ ఏడూ ఆమె మా వైపు నిలబడలేదు. ఇప్పుడు విళ్లు మారాయి, ఆ గొంతూ లేదు. కొత్త సంవత్సరం వస్తే నా చెవులు ఇంకా మైదానం అవతలి వైపే తిరుగుతాయి.

ఇందులో నేను కల్పించింది ఒక్క ముక్కే. ఆమె నవ్వుతూ పాడిందన్నాను చూశారూ, నవ్వలేదు.