అక్క ఇంటివైపు పల్లం

పొద్దున లేవగానే బసీలియో చేసే మొదటి పని స్టేషను తలుపులు బార్లా తెరవడం. రైలు కోసం కాదు. మిర్లాలెస్ స్టేషనుకి రైలు వచ్చి ఒక తరం గడిచిపోయింది. ఆలివ్ నూనె పీపాలు మోసిన ఆ రైలు ఆగిపోయాక పట్టాలు పీకేసి, వాటి జాగాలో ఎర్రమట్టి దారి పరిచారు. ఆ దారిన కార్లు లేవు, లారీలు లేవు, మోటారు సైకిలు కూడా రాదు. కొండల నడుమ, ఆలివ్ తోటల మధ్య, సొరంగాల్లోంచీ ఇనప వంతెనల మీంచీ సైకిళ్ళు మాత్రం పోతుంటాయి. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో బిగుతు బట్టలేసుకుని, వెనక సంచులు కట్టుకుని వస్తారు. బసీలియో వాళ్ళకి కాఫీ ఇస్తాడు, కాల్చిన రొట్టె మీద టమాటా రుద్ది నూనె పోసిస్తాడు, చైను తెగితే అతుకుతాడు. అతని తండ్రి ఇదే గదిలో కూర్చుని టిక్కెట్లు ఇచ్చేవాడు.

ఆ దారికో గుణం ఉంది. పై ఊళ్ళవాళ్ళకి అది ఉత్త రైలు దారి, రైలు ఎక్కగలిగినంత వాలు, అంతే. దాని పక్కన పుట్టినవాళ్ళకి మాత్రం, ఎటు ఎవరైనా తమ కోసం ఎదురుచూస్తుంటే అటు పల్లం. ఎవరూ చూడకపోతే ఎత్తు. రెండు కొసలా చూసేవాళ్ళుంటే రెండు వైపులా పల్లమే. రైలు నడిచిన రోజుల్లో ఈ సంగతి ఎవరికీ తెలియలేదు, ఇంజను అందరినీ ఒకేలా లాక్కుపోయేది. సైకిళ్ళొచ్చాకే బయటపడింది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు గాని, మా వైపు రెండూ పల్లానికే తెలుసు. ప్రియురాలి ఊరికి పోతూ చెమటలు కక్కే కుర్రాణ్ణి చూస్తే, ఇంకో పిల్లని వెతుక్కోరా అని తోటల్లోంచి అరిచేవాళ్ళు. పక్క ఊళ్ళోనే పుట్టిన మా ఫాదిరీ ప్రతి ఆదివారం మా మలుపు దగ్గర దిగి సైకిలు నెట్టుకుంటూ వచ్చేవాడు. పాపం, ఆయన్ని ఎవరూ ఏమీ అనేవారు కాదు.

బసీలియోకి పడమటి సంతనించి ఇంటికి వచ్చే దారి పెళ్ళయిన నాటినుంచీ పల్లమే. వెనక సీటు మీద పిండి బస్తా ఉన్నా, ఒక్కసారి పెడలు తొక్కితే ఇంటి ముందు ఆగేది. వంటింటి కిటికీలో అంపారో ఉండేది. మొన్న చలికాలం దగ్గుతో మొదలై ఆమె వారం తిరక్కుండానే పోయింది. ఖననం అయ్యాక మొదటిసారి సంతకెళ్ళి వస్తూ, ఊరు కనిపించే చోట అతను సైకిలు దిగాల్సి వచ్చింది. పొలాల్లో ఉన్నవాళ్ళంతా తలలు వంచుకుని పని చేసుకున్నారు.

బెనిగ్నో ఒక్కడే ఊరుకోలేదు. నూనె మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి, బసీలియోతో కలిసి ఐదో ఏట బడికెళ్ళినవాడు. సంత రోజున కుర్చీ తెచ్చుకుని స్టేషను గుమ్మంలో కూర్చుని, పళ్ళు బిగబట్టి స్నేహితుడి కోసం ఎదురుచూడ్డం మొదలుపెట్టాడు. ఎదురుచూపు అలా కావాలంటే వచ్చేది కాదు. అయినా బసీలియో రొప్పుతూ రాగానే అడిగేవాడు.

"ఎత్తేమైనా తగ్గిందట్రా?"

"కాస్త తగ్గినట్టే ఉందిరా," అని అబద్ధం చెప్పేవాడు బసీలియో.

ఇదంతా పడమటి వైపు సంగతి. తూర్పు వైపు దారి మీద బసీలియో చక్రం పెట్టి పదేళ్ళు దాటింది. తూర్పున గంటన్నర దూరంలో, కొండ మీద కోట ఉన్న తోర్రెగాల్వాలో అతని అక్క కసిల్డా ఉంటుంది. పెళ్ళయి వెళ్ళినప్పుడు ఆమె తల్లిని కూడా తీసుకెళ్ళి తన దగ్గర పెట్టుకుంది. ఆ తల్లి ఆఖరి రోజున మధ్యాహ్నం కసిల్డా ఫోను చేసింది, అమ్మ నిన్నే అడుగుతోంది, బయల్దేరు అని. బసీలియో వెంటనే సైకిలెక్కాడు. దారి జర్రున జారే పల్లం. అమ్మ కళ్ళు తెరుచుకునే ఉన్నాయని, తనకోసం చూస్తోందని ఆ పల్లమే చెప్పింది.

అక్కడే పప్పులో కాలేశాడు. ఇనప వంతెనకి ఇవతల ఒక చిన్న పాత స్టేషనుంది, అందులో తినుబండారాల కొట్టుంది. అక్కడ చైను తెగి దిగాలుగా నిలబడ్డ జర్మను భార్యాభర్తలు చేతులూపారు. బసీలియో ఆగాడు. చైను అతికాడు. వాళ్ళు పొంగిపోయి ఒక గ్లాసు వైను పోయించారు, కొట్టువాడు నాలుగు ముక్కలు సాసేజీ పెట్టాడు. బసీలియో మధ్యలో ఒకసారి బయటికొచ్చి సైకిలెక్కి చూసుకున్నాడు. ఇంకా పల్లంగానే ఉంది. సరే, ఇంకో గ్లాసు అన్నాడు. మిర్లాలెస్ వాడు తప్ప భూమ్మీద ఇంకెవడూ చెయ్యని తప్పది. తరవాత బయల్దేరి వంతెన సగం దాటాడో లేదో, చక్రాల కింద దారి చదునైపోయింది. ఆ పైన ఎత్తయింది.

కసిల్డా గుమ్మంలో నిలబడి ఉంది.

"మధ్యాహ్నం నించీ నీ పేరే జపం చేసిందిరా. ఎక్కడున్నావు?"

"దారి పల్లంగానే ఉందక్కా," అన్నాడు బసీలియో. "వంతెన దాకా పల్లమే."

"నువ్వు దారిని చూసుకుంటూ కూర్చున్నావు. అమ్మ గుమ్మాన్ని చూస్తూ పోయింది. ఇక నా గడప తొక్కకు."

అతను తొక్కలేదు. అంత్యక్రియలప్పుడు చర్చిలో వెనక వరసలో నిలబడి, ఎవరికీ కనపడకుండా వచ్చేశాడు. అక్క కోపం తగ్గిందో లేదో తెలుసుకోవడం అతనికి నిమిషం పని. సైకిలు తూర్పుకి తిప్పి కూర్చుంటే చాలు. ఆ పనే అతని వల్ల కాలేదు. తెలియకుండా ఉన్నంతకాలం కాస్త ఆశ ఉంటుంది, ఎత్తని తెలిశాక ఇంకేముంటుంది? అంపారో ప్రతి పండక్కీ పోరేది.

"ఒక్కసారి అటు తిప్పి చూడు."

"ఎత్తైతే?"

"ఎత్తైతే తొక్కు. కాళ్ళు లేవా నీకు?"

ఆ మాట వినగానే బసీలియో లేచి వెళ్ళి ఏదో ఒక సైకిలుకి నూనె వేసేవాడు.

ఏప్రిల్లో ఒక ఉదయం, స్టేషను ముందు యాత్రికులు కాఫీలు తాగుతుండగా, బసీలియో తన సైకిలుకి కొత్త బ్రేకు కట్టలు వేసి, సరిగ్గా పడుతున్నాయో లేదో చూద్దామని సీటు మీద కూర్చున్నాడు. ముందు చక్రం ఎటుందో చూసుకోలేదు. సైకిలు తనంతట తనే కదిలింది. గోడకి ఆనించిన బల్లలు దాటింది, నీళ్ళ తొట్టి దాటింది. అతను గబుక్కున బ్రేకు నొక్కాడు. దిగి, వెనక్కి నెట్టుకొచ్చి, మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ కదిలింది. తూర్పుకి.

డామినో బిళ్ళలు పేరుస్తున్న బెనిగ్నో ఇదంతా చూశాడు.

"పో," అన్నాడు. "కాఫీలు నేను కాస్తాలే."

"నీకు కాయడం రాదుగా."

"తాగేవాళ్ళ ఖర్మ. నువ్వు పోరా."

నడుముకి కట్టిన గుడ్డ విప్పలేదు, టోపీ కోసం లోపలికి వెళ్ళలేదు. సొరంగంలో దీపాలు కళ్ళ ముందు గీతల్లా సాగిపోయాయి. రెండు పక్కలా ఆలివ్ చెట్లు, పాత స్టేషను, కొట్టువాడు గుర్తుపట్టి పిలవడం, అన్నీ వెనక్కి పోయాయి. అతను చెయ్యి కూడా ఊపలేదు. అక్క చూస్తోంది, అక్క చూస్తోంది అనుకుంటూ, పల్లంలో కూడా పెడలు తొక్కుతున్నాడు.

ఇనప వంతెన మీద దారి చదునైంది. అదే చోటు. ఆ కొస చేరేసరికి సైకిలు బరువెక్కింది.

బసీలియో సైకిలు దిగాడు. కమ్మీ పట్టుకుని ఏడ్చాడు. దీని అర్థం అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఒకసారి ఇక్కడే తెలిసొచ్చింది. ఇప్పుడు వెళ్తే మాత్రం ఎవరున్నారు? వెనక్కి తిప్పుదామని హ్యాండిలు పట్టుకున్నాడు. కాళ్ళు లేవా నీకు, అన్న మాట చెవిలో పడింది. అంపారో చచ్చిపోయి కూడా పోరడం మానలేదు. అతను ముక్కు తుడుచుకుని, సైకిలెక్కి, ఎత్తులోకి తొక్కాడు. తొక్కలేనప్పుడు దిగి నెట్టాడు. దారి దించితే దించుతుంది, ఎక్కిస్తే ఎక్కిస్తుంది, మనిషి మాత్రం వెళ్ళాలి కదా అని ఆ వయసులో మొదటిసారి అతనికి తోచింది.

తోర్రెగాల్వా వీధిలోకి వచ్చేసరికి ఏ తలుపుకీ చావుకి కట్టే నల్లగుడ్డ లేదు. కసిల్డా గుమ్మంలో పొట్టి కుర్చీ వేసుకుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది. జుట్టు తెల్లగా అయిపోయింది. అతన్ని చూసి మర్యాదగా నవ్వింది.

"ఎవరు కావాలండీ?"

బసీలియో సైకిలు గోడకి ఆనించాడు. లోపల్నించి కసిల్డా కూతురు నియెవెస్ వచ్చి, అతన్ని చూసి అక్కడే నిలబడిపోయింది. తరవాత చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళింది.

"పొద్దున్న లేచిన దగ్గర్నించీ వాడింకా రాలేదా, వాడింకా రాలేదా అని నిన్నే అడిగింది మామయ్యా. కాఫీ తాగింది, మర్చిపోయింది. రెండేళ్ళుగా ఇంతే. నన్ను కూడా ఒక్కోరోజు పనిమనిషి అనుకుంటుంది."

అతనికి అర్థమైంది. వంతెన దాకా అక్కకి తను గుర్తున్నాడు.

బసీలియో తిరిగి మిర్లాలెస్ వెళ్ళలేదు. నియెవెస్ నూనె మిల్లులో పనికి పోయాక కసిల్డా దగ్గర ఉండటానికి ఒక మనిషి కావాలి, అతనికేమో ఎదురుచూసేవాళ్ళు లేరు. స్టేషను తాళాలు బెనిగ్నోకి అప్పజెప్పాడు. యాత్రికులు ఆ కాఫీ తాగి ముఖాలు చిట్లించేవాళ్ళని తరవాత విన్నాం. రోజూ పొద్దున్నే బసీలియో కొండ కింద, దారి పక్కనే ఉన్న రొట్టెల బట్టీకి సైకిలు మీద వెళ్ళి, వేడి రొట్టె తెచ్చేవాడు. తన కోసం చూసేవాళ్ళు లేక వచ్చే దారి రోజూ ఎత్తే. వరండాలో అక్క పక్కన కూర్చుని గింజలు ఒలిచేవాడు. ఆమె అతన్ని రొట్టెలు తెచ్చే మనిషి అనుకునేది, మీరు మీరు అనేది, ఎండలో తిరక్కండి అని జాగ్రత్తలు చెప్పేది.

ఒకరోజు గింజలు ఒలుస్తూ తనంతట తనే మొదలుపెట్టింది.

"నాకో తమ్ముడున్నాడండీ. సైకిళ్ళు బాగుచేస్తాడు."

"అలాగా అమ్మా."

"మంచివాడే. ఎవరు చెయ్యూపినా ఆగిపోతాడు, అదొక్కటే వాడి రోగం. మా అమ్మ పోయిన రోజున గడప తొక్కొద్దన్నాను వాణ్ణి. కోపంలో ఎన్ని అంటాం? ఆ ఒక్క మాటా పట్టుకు కూర్చున్నాడు."

బసీలియో చేతిలో చిక్కుడు కాయ అలాగే ఉండిపోయింది.

"మీరు ఆ వైపు వెళ్తే చెప్పండి వాడికి," అంది కసిల్డా. "ఎప్పుడో వెళ్ళిపోయింది నా కోపం. మీరు చెప్తారా?"

"చెప్తానమ్మా," అన్నాడు.

అన్నేళ్ళ బరువూ ఆ పూట దిగింది. కాని దించినామె ఎదురుగా కూర్చుని, తను ఎవరికి చెప్పిందో తెలియక గింజలు ఏరుతోంది. అతను లోపలికి వెళ్ళి చాలాసేపు మొహం కడుక్కున్నాడు.

ఎండలు ముదిరాక ఒక ఉదయం, రొట్టె సంచి హ్యాండిలుకి తగిలించి బట్టీ దగ్గర సైకిలెక్కాడు. రోజూలాగే బలమంతా పెట్టి పెడలు నొక్కాడు. కాలు ఆనలేదు. సైకిలు ముందుకి పరిగెత్తింది. కొండ మీది ఇంటివైపు దారి వాగులోకి దిగినట్టు దిగుతోంది. కూరగాయల బండి ఆమె ఏదో అడిగింది, ఎవరో యాత్రికుడు పంక్చరైన చక్రం ఎత్తి చూపించాడు. బసీలియో ఆగలేదు. పల్లం ఎంత ఉందో చూడలేదు. తొక్కుతూనే ఉన్నాడు.

కసిల్డా గుమ్మంలో నిలబడి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని వీధిలోకి చూస్తోంది.

"వచ్చావట్రా బసీలియో! పరిగెత్తు. అమ్మ నిన్నే అడుగుతోంది."

సైకిలు గోడకి ఆనించకుండానే వదిలేశాడు. ఆమె అతని మోచెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి లాక్కెళ్ళింది. తల్లి మంచం ఆ మూలనే ఉంది, తెల్ల దుప్పటి మడత నలగకుండా పరిచి ఉంది. బసీలియో పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు. దుప్పటి మీద, తల్లి చెయ్యి ఉండాల్సిన చోట తన చెయ్యి పెట్టాడు.

"వచ్చానమ్మా," అన్నాడు.

కసిల్డా మంచం కాళ్ళ వైపు నిలబడి, దిండు వైపు వంగింది.

"చెప్పలేదుటే అమ్మా, వాడు వేళకి వస్తాడని," అంది.

ఇద్దరూ అక్కడే ఉండిపోయారు. రొట్టె చల్లారింది. కాసేపటికి కసిల్డా తమ్ముడివైపు తిరిగి, మీరు ఎందుకండీ ఏడుస్తున్నారు, కాసిని మంచినీళ్ళు తాగుతారా అని అడిగింది. తాగుతానమ్మా అన్నాడు.

మర్నాడు రొట్టె తెస్తుంటే దారి మళ్ళీ ఎత్తయింది. బసీలియో దిగకుండా తొక్కాడు.