మెట్ల పక్కన బ్యాట్స్‌మన్

పరుపుల షావుకారు ఊరందరి దగ్గరా ‘మావాడు’ అని చెప్పుకునే ఆటగాడు ఆదివారం సాయంత్రం క్రికెట్‌కి స్వస్తి చెప్పాడు. సోమవారం షావుకారు కొట్టు తెరవబోయేసరికి, పరుపుల కంపెనీ మనిషి ఒక కుర్రాణ్ణి చంకన పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. కుర్రాడు అట్టబొమ్మ. కొత్తగా జట్టులోకి వచ్చినవాడు, నిలువెత్తున, చేతిలో బ్యాటుతో.

"పాతాయన్ని తీసేయాలండీ. ఇకనుంచి మన పరుపుకి ఇతనే."

షావుకారు మెట్ల పక్కనున్న మావాడి అట్టబొమ్మ కేసి చూశాడు. ఏళ్ల తరబడి ఎండకీ వానకీ నిలబడినవాడు. జీతం అడగలేదు, సెలవు పెట్టలేదు, గల్లాపెట్టె వైపు కన్నెత్తి చూడలేదు. పైగా, డ్రైవ్ కొట్టి చాచిన ఆ బ్యాటు కొస సరిగ్గా కొట్టు గుమ్మాన్ని చూపించేది. వీధిలో వచ్చేవాళ్లు దాని వెంబడే తల తిప్పి లోపలికి వచ్చేవారు. అలాంటి గుమాస్తా ఎక్కడ దొరుకుతాడు?

"రిటైరైనవాడు పరుపు మీద పడుకోడా? అసలు పడుకునేదే ఇప్పుడు కదయ్యా. ఈ కుర్రాడికి నిద్ర విలువేం తెలుసు?"

"ఆ మాట మా పైవాళ్లకి చెప్పండి సార్. బొమ్మ మార్చని కొట్టుకి సరుకు ఆపేయమన్నారు. మధ్యాహ్నం వచ్చి ఫోటో తీసుకుంటా."

అతను వెళ్లాక అసలు చిక్కు బయటపడింది. కుర్రాడిది ఎడంచేతి వాటం. అతని బ్యాటు రోడ్డు దాటి ఎదురు కొట్టును చూపిస్తోంది. అదీ పరుపుల కొట్టే, షావుకారు తోడల్లుడిది. మెట్లకి అటుపక్క నిలబెడదామంటే అది ఆటోలకి పరుపులెక్కించే చోటు.

"బేరాలు పోతే పోనివ్వండి," అంది కొట్టులోంచి భార్య. "పోయేది మా అక్కావాళ్ల కొట్టుకేగా."

"మీ అక్క మొగుడు నా దిండ్లు రాళ్లని ఊరంతా చెప్పాడు."

"అందులో అబద్ధమేముంది?"

షావుకారు కుర్రాణ్ణి వెనక్కి తిప్పాడు. బ్యాటు చక్కగా గుమ్మం వైపు వచ్చింది. కాకపోతే వీధికి కనిపించేది ఉత్త అట్ట. ఆ అట్ట మీద మావాణ్ణి అంటిస్తే? రోజూ వీధికి మావాడు, ఫోటో వేళకి కుర్రాడు. రెండు బేరాలూ కుదిరినట్టే.

ఇద్దర్నీ లోపలికి తెచ్చి, బల్ల మీద ఒకరిపై ఒకరిని పడుకోబెట్టాడు. కాళ్లు కుదిరాయి, బ్యాటూ కుదిరింది. నడుము దగ్గరే తేడా వచ్చింది. కుర్రాడు సన్నం. మావాడు చెరోపక్కా రెండు వేళ్ల మందం బయటికి వచ్చాడు.

"కోసెయ్యండి. పొట్టే కదా," అంటూ భార్య స్పాంజి కోసే కత్తి అందించింది. "పనిలో పనిగా మీది కూడా."

నిన్నటి నుంచీ షావుకారుకి మింగుడుపడని లెక్క ఒకటుంది. చేతిలో ఇంకా సరుకున్నవాడు షట్టరెందుకు దించేశాడు? పోయిన ఏడాది మావాణ్ణి బ్యాటింగులో మూడో స్థానం నుంచి ఆరో స్థానానికి దించారు. ఆ తర్వాత ఒక మ్యాచ్‌లో కూర్చోబెట్టారు. ఇంకా ఉంటే ఇంకెంత కోసేవారో.

కత్తి మొన నడుము దగ్గరే ఆగిపోయింది.

"ఏమైంది?"

"ఇంటికి తీసుకుపోదాం. ఉన్నవాణ్ణి ఉన్నట్టుగా."

"ఎక్కడ పెడతారు?"

"మంచం మీద. ఇన్నేళ్లు పరుపులమ్మాడు, ఒక్కపూట పడుకోలేదు."

"మరి నేనో?"

"అట్టేగా, ఎంత చోటు కావాలి. కాస్త గోడవైపు జరుగు."

కుర్రాణ్ణి తీసుకెళ్లి మెట్ల పక్కన, ముఖం వీధికి పెట్టి నిలబెట్టాడు. కాసేపటికి ఒక జంట వచ్చింది. బొమ్మను చూశారు, బ్యాటును చూశారు, రోడ్డు దాటి తోడల్లుడి కొట్టులోకి వెళ్లిపోయారు. ఎదురు గుమ్మంలోంచి తోడల్లుడు చెయ్యి ఊపాడు.

షావుకారు భుజం మీది తువ్వాలు తీసి కుర్రాడి ముఖం తుడిచాడు.

"మొదటిరోజు కదా," అన్నాడు. "కంగారుపడకు."