ప్రథమ బహుమతి పళ్ళెం

నేను ఒక స్టీలు పళ్ళాన్ని. ఏప్రిల్ నెలలో పాస్టరు కృపావరం గారు, ఆయన భార్య సలోమి గారు నా కోసం ఒక పూటంతా పోట్లాడుకున్నారు. ఇంట్లో నాలుగు పళ్ళాలున్నాయి. ఒకటి సొట్ట పడింది. రెండింటికి అంచు ఉందంటే ఉంది, లేదంటే లేదు. నా అంచు లోతు. పప్పుచారు ఎంత పోసినా ఒలకదు. కృపావరం గారికి పప్పుచారు లేనిదే ముద్ద దిగదు. అందుకని ఆరు వారాల శిక్షణకు నన్నే తీసుకెళ్తానని ఆయన, నన్ను తప్ప ఏదైనా తీసుకెళ్ళమని ఆవిడ.

"అందులో నా పేరుంది" అన్నారు సలోమి గారు.

"ఉంటే మంచిదేగా. పేరున్న పళ్ళెమే తెచ్చుకోమన్నారు."

"తెచ్చుకునేవాళ్ళ పేరుండాలండీ. పక్కింటి వాళ్ళ పేరున్నా సరిపోద్దా?"

"నువ్వు పక్కింటిదానివా?"

ఇంటర్ చదువుతున్న వాళ్ళమ్మాయి కెజియ పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వింది. నాలుగు రూపాయల వస్తువు కోసం ఇంత రభసా అని ఆయన గొణిగారు. నాలుగు రూపాయల వస్తువైతే వదిలేయొచ్చు కదా అని ఆవిడ బదులిచ్చారు. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఇద్దరికీ మాటల్లేవు.

ఆవిడ పట్టుదలకు కారణం నా అంచు మీదే ఉంది. నేను పుట్టింది మద్రాసు వైపు ఒక కార్ఖానాలో. రేకును గుండ్రంగా కోసి, మర కింద పెట్టి ఒక్క దెబ్బ కొడితే నేను తయారయ్యాను. నాతోపాటు వందలమంది. చీరాల బజారులో స్టీలు సామాన్ల కొట్టుకు చేరేదాకా నాకూ మిగతావాళ్ళకూ తేడా లేదు. అక్కడ సండే స్కూలు టీచరమ్మ నన్ను కొని, పేరు కొట్టించింది. కొట్టతను చిన్న కరెంటు యంత్రం నా అంచు మీద ఆనించగానే ఒళ్ళంతా జివ్వుమంది. 'కె. సలోమి, కంఠత వాక్యాల పోటీ, ప్రథమ బహుమతి.' అప్పుడు సలోమికి పన్నెండేళ్ళు. ఎక్కడా తడుముకోకుండా బైబిలు అధ్యాయాలకు అధ్యాయాలు అప్పజెప్పిందట. రెండో బహుమతి గ్లాసు.

పెళ్ళయి కాపురానికి వచ్చేటప్పుడు ఆవిడ నన్ను చీరల మధ్య పెట్టుకుని తెచ్చుకున్నారు. కొన్నాళ్ళు నేను గూట్లోనే ఉన్నాను. ఒకరోజు కృపావరం గారికి ఇంకో పళ్ళెం దొరక్క నాలో పెట్టారు. ఆయనకు అంచు నచ్చింది. ఆనాటి నుంచి నేను ఆయన పళ్ళాన్నే. పేరొకరిది, అన్నం ఒకరిది. మనుషుల ఇళ్ళలో ఇలాంటివి ఎవరూ నిర్ణయించరు. వాటంతటవే జరిగి, తర్వాత పద్ధతి అనిపించుకుంటాయి.

ఆ సాయంత్రం శిక్షణ నియమాల కాగితాన్ని సలోమి గారే పైకి చదివారు. ఆయన కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయారు. తెల్లవారుజామున గంట కొట్టగానే లేవాలి. ఫోను ఆఫీసులో అప్పగించాలి. ఒక్క తరగతి కూడా మానరాదు. ఆదివారాలు బయటి సంఘాలకు వాక్యం చెప్పడానికి వెళ్ళరాదు. ఇంటి నుంచి పచ్చళ్ళు తెచ్చుకోరాదు, అందరికీ ఒకటే కూర. అన్నం పారేయరాదు. ఎవరి పళ్ళెం వారే కడుక్కోవాలి.

అక్కడ ఆగి ఆవిడ భర్త వైపు చూశారు. ఆయన కిటికీ వైపు చూశారు.

చివరి నియమం కాస్త పెద్ద అక్షరాల్లో ఉంది. తల్లి, తండ్రి, భార్య, బిడ్డల్లో ఎవరైనా చనిపోతే తప్ప మధ్యలో ఇంటికి వెళ్ళరాదు. వెళ్ళినవారికి ధ్రువపత్రం ఇవ్వబడదు.

ఆ ధ్రువపత్రం మీదే ఆ ఇల్లు నిలబడి ఉంది. కృపావరం గారు ఏ వేదాంత కళాశాలలోనూ చదవలేదు. పన్నెండేళ్ళుగా తుమ్మలదిన్నె సంఘాన్ని చూసుకుంటున్నారు కానీ, పాస్టరుగా అధికారికంగా నియమించే అభిషేకం కాలేదు. ఈ ఎండాకాలం శిక్షణ పూర్తిచేసినవారికి అభిషేకం ఇస్తామని, చేయనివారి సంఘాలకు పట్నం నుంచి వేరే పాస్టరును పంపుతామని పై మండలి వారు తేల్చిచెప్పారు. వేరే పాస్టరు వస్తే చర్చి వెనక ఈ రెండు గదులు కూడా ఆయనవే అవుతాయి.

సలోమి గారు కాగితం మడిచారు. "మగవాళ్ళే రావాలని మాత్రం ఎక్కడా రాయలేదు" అన్నారు.

"రాయాల్సిన పనేముంది? అందరికీ తెలిసిందేగా" అన్నారాయన.

మర్నాడు పొద్దున ఆవిడే నన్ను తోమి, తువ్వాలులో చుట్టి, ఆయన సంచిలో పెట్టారు. సొట్ట పడకుండా తీసుకురమ్మని మాత్రం చెప్పారు.

శిక్షణ జరిగేది సముద్రం పక్కన, సరుగుడు తోటల్లో ఉన్న ఒక పాత మిషన్ స్కూలు హాస్టల్లో. సెలవులకు పిల్లలు ఇళ్ళకు పోతే వాళ్ళ మంచాల మీద నలభైమంది పాస్టర్లు దిగారు. తుమ్మలదిన్నె చుట్టుపక్కల ఊళ్ళ పాస్టర్లంతా అక్కడే ఉన్నారు. అభిషేకం అందరికీ కావాలి మరి.

సంఘాలకు నియమాలు చెప్పి చెప్పి అలవాటైనవాళ్ళు నియమాల కింద ఎలా ఉంటారో నేను అక్కడ చూశాను. ఆరాధనకు ఆలస్యంగా వచ్చేవాళ్ళను పేరుపెట్టి నిలదీసే పాస్టరు గారు గంట కొట్టాక కూడా దుప్పటి ముఖం మీదికి లాక్కునేవారు. పక్క ఊరి పాస్టరు ఎలీషా గారు ఆవకాయ సీసాను బూట్లలో దాచి, భోజనం వేళ ముక్కను అన్నం అడుగున పెట్టుకునేవారు. ఆయన పళ్ళెం నా పక్కనే ఉండేది. వాసన ఎక్కడికి పోతుంది? మూడో రోజు ఒక ముక్క కృపావరం గారికీ అందింది. అది నా మీదే, అన్నం కిందే ఉంది. నేను ఎవరికీ చెప్పలేదు.

నా అంచు మీద అక్షరాలు చదివి అందరూ ఆయనను ఆటపట్టించారు. వరుసలో ముందుంటే, "జరగండి, ప్రథమ బహుమతి గారు వచ్చారు" అనేవారు. సలోమి ఎవరని అడిగితే, మా ఇంట్లో ఆవిడ, చిన్నప్పుడు వాక్యాలు కంఠత పట్టింది అని చెప్పేవారాయన. కొంచెం గర్వంగానే చెప్పేవారు.

కడగడం ఆయనకు రాదు. మొదటిరోజు సబ్బుపొడి గుప్పెడు పోసి, పీచును రెండు తిప్పులు తిప్పి, కుళాయి కింద పెట్టేశారు. వెనకవైపు జిడ్డు అలాగే ఉంది. పళ్ళానికి వెనకవైపు కూడా ఉంటుందని ఇన్నేళ్ళలో ఆయనకు తెలియవలసిన అవసరం రాలేదు. వంటింటి వంతు వచ్చినప్పుడు ఉల్లిపాయలు తరిగి, కళ్ళు తుడుచుకుంటూ భోజనానికి కూర్చున్నారు. వారం తిరిగేసరికి మాత్రం నేను రెండువైపులా శుభ్రంగా ఉన్నాను.

డైరెక్టరు బర్నబాసు గారు పెద్దాయన. అందరూ తిన్నాక తిని, తన పళ్ళెం తనే కడుక్కునేవారు. నియమాలు రాసింది ఆయనే. ప్రతి నియమం వెనకా ఎవరో ఒక పాస్టరు ఉన్నాడని ఒకరోజు నవ్వుతూ చెప్పారు. ఇంటికి వెళ్ళరాదన్న నియమం ఎందుకంటే, ఆ నియమం లేనప్పుడు ఒక ఏడు ఒకరి తర్వాత ఒకరు పెళ్ళికని, గృహప్రవేశానికని, భూస్థాపనకని వెళ్ళిపోయి, చివరివారం తరగతిలో ఆయనా బల్లలూ మిగిలారట.

నాలుగో వారంలో, రోళ్ళు పగిలే ఎండలో, మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చుని ఉండగా ఆఫీసు కుర్రాడు వచ్చి కృపావరం గారికి ఫోను అన్నాడు. ఆయన ఎంగిలి చెయ్యి అలాగే ఉంచుకుని, ఎడమచేత్తో నన్ను పట్టుకుని లేచారు. నన్ను బల్ల మీద వదిలిపెట్టాలని కూడా తోచలేదు.

మార్తమ్మ చనిపోయింది. చర్చి ఊడ్చి, ఆదివారాలు అందరికంటే ముందు వచ్చి కూర్చునే ముసలావిడ. నా అనేవాళ్ళు లేరు. తనను కృపావరం గారే మట్టి చేయాలని ఆయన చేత మాట తీసుకుంది. ఎండకు శవం ఆగదు, సాయంత్రం లోపల కార్యక్రమం అయిపోవాలి. సంఘపెద్ద నతానియేలు గారు చుట్టుపక్కల పాస్టర్లందరికీ ఫోన్లు చేశారట. ఒక్కరూ ఎత్తలేదు. ఎలా ఎత్తుతారు? ఆ ఫోన్లన్నీ ఇక్కడే ఆఫీసు బీరువాలో మోగుతున్నాయి. చివరకు సలోమి గారు కాగితం వెతికి, దాని మీదున్న ఆఫీసు నంబరుకు చేశారు.

కృపావరం గారు రిసీవరును భుజంతో చెవికి అదిమిపెట్టుకునే డైరెక్టరు గారి వైపు తిరిగి, వెళ్ళి రేపు పొద్దునకల్లా వస్తానన్నారు.

"ఆమె మీకు ఏమవుతుంది?" అని అడిగారు బర్నబాసు గారు.

"సంఘస్తురాలండి."

 పెద్దాయన మెల్లగా అన్నారు, "వెళ్ళండి. నేను ఆపను, ఆపగూడదు. ధ్రువపత్రం మాత్రం ఇవ్వలేను. మీకిస్తే నిరుడు పంపేసినవాళ్ళకి ఏం చెప్పను?"

  మార్తమ్మకిచ్చిన మాట ఒకవైపు, భార్యాబిడ్డ తలదాచుకునే ఇల్లు ఒకవైపు. నాలో అన్నం సగం ఉంది. పప్పుచారు ఒక పక్కకు వాలి అంచు దగ్గర ఆగింది.

ఫోనులో సలోమి గారు అంతా విన్నట్టున్నారు. ఆ ఫోనులో మాట బయటికి కూడా వినబడుతుంది.

"మీరు రావద్దు. అక్కడే ఉండండి. నేను చూస్తా."

"నువ్వెట్టా చూస్తావు సలోమీ? నతానియేలు గారు ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకోకపోతే ఆయన్నే చెయ్యమంటా. చదివే మాటలు నాకు నోటికొచ్చు. మీకు పుస్తకం కావాలి, నాక్కాదు."

ఆయన తిరిగి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. అన్నం చల్లారి గడ్డకట్టింది. పారేయకూడదని నియమం. ఒక్కొక్క ముద్దా తిన్నారు. ఎలీషా గారు ఆవకాయ ముక్క ఇవ్వబోతే వద్దన్నారు. కుళాయి దగ్గర నన్ను చాలాసేపు తోమారు. నా అంచు మీద అక్షరాల సందుల్లో ఎప్పటిదో మకిలి ఉంటే, పీచు కొనతో దాన్ని కూడా తీశారు.

శిక్షణ అయిపోయింది. ధ్రువపత్రం వచ్చింది. దాన్ని అట్టల మధ్య పెట్టి, నన్ను తువ్వాలులో చుట్టి, ఆయన ఒక శుక్రవారం ఇంటికి చేరారు. సలోమి గారు ముందు నన్ను విప్పి, చుట్టూ తిప్పి చూశారు. ధ్రువపత్రం తర్వాత చూశారు.

మార్తమ్మ సంగతి నాకు తెలిసింది అప్పుడే. కెజియ చెప్పుకొచ్చింది. సమాధుల దొడ్డిలో మగవాళ్ళు కాస్త దూరంగా, ఇటు చూడాలో అటు చూడాలో తెలియనట్టు నిలబడ్డారట. వాళ్ళమ్మ పుస్తకం తెరవకుండానే మొదలుపెట్టి, ఎక్కడా ఆగకుండా చివరిదాకా చెప్పి, మొదటి గుప్పెడు మట్టి తనే వేసిందట. నతానియేలు గారు రెండో గుప్పెడు వేశారట. ఆయన భార్య ఏడ్చి, ఇంత బాగా ఎవరికీ చేయలేదని అందట.

శనివారం పొద్దున నతానియేలు గారే వచ్చారు. మంచివాడు, సంఘం మాట పడకూడదని ఆయన తాపత్రయం.

"అమ్మగారు చేసినదాంట్లో తప్పుందని అనను అయ్యగారూ. ఆ పూటకి దేవుడే నిలబెట్టాడు. కానీ పై మండలి వాళ్ళకి తెలిస్తే అదెట్టా చెల్లుద్దంటారు. ఇప్పుడు మీకు కాయితం కూడా వచ్చె. రేపు ఆరాధన అయ్యాక సమాధి దగ్గర ఇంకోసారి పద్ధతిగా చేసేయండి. పని అయిపోద్ది" అన్నారు.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. కృపావరం గారు మధ్యాహ్నం చెప్తానన్నారు. నతానియేలు గారు వెళ్ళాక సలోమి గారు దాని గురించి ఒక్క మాట అనలేదు. చింతపండు పిసికారు, తిరగమోత పెట్టారు. ఆవిడ ఏమీ అనకపోతే ఆ ఇంట్లో చప్పుడు ఎక్కువవుతుందని నాకు తెలుసు. మూతలు గట్టిగా పడతాయి.

మధ్యాహ్నం ముగ్గురూ కూర్చున్నారు. నేను మామూలుగా ఆయన ముందు. సలోమి గారికి సొట్ట పళ్ళెం. అన్నం, వంకాయ కూర వడ్డించాక ఆయన చెయ్యి కడుక్కుని కూడా ముద్ద కలపలేదు.

"రేపు మార్తమ్మ దగ్గరికి వెళ్తా. పూలు పెట్టొస్తా" అన్నారు. "మళ్ళీ మట్టి చెయ్యను. ఆమెను ఒకసారి మట్టి చేశారు. చాలు. నతానియేలు గారికి నేనే చెప్తా. పై మండలి వాళ్ళు అడిగితే వాళ్ళకీ చెప్తా."

సలోమి గారు పప్పుచారు గిన్నె అందుకున్నారు. నా అంచు దాకా పోశారు. ఒక్క చుక్క ఒలకలేదు.

"నేను కూడా ఒక మాట చెప్పాలి" అన్నారు. "వచ్చే ఎండాకాలం శిక్షణకి నేను వెళ్తన్నా."

కెజియ తినడం ఆపింది. కృపావరం గారు, "ఆడవాళ్ళని చేర్చుకుంటారంటావా?" అని అడిగారు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగారు.

"వద్దని కాయితంలో లేదుగా. మొన్న డైరెక్టరు గారికి ఫోన్ చేశా. లేదు లేదమ్మా, అట్టాంటి నియమం ఉండే ఉంటది అన్నారు. కాయితం తీసి మొదట్నుంచీ చదువుకున్నారు. నేను ఫోను పట్టుకునే ఉన్నా. చివరికి, ఫోను ఆఫీసులో ఇయ్యాలి, పచ్చళ్ళు తేకూడదు, పేరున్న పళ్ళెం తెచ్చుకోండి అన్నారు."

కృపావరం గారు వంగి నా అంచు వైపు చూశారు. అక్షరాలు శుభ్రంగా కనబడుతున్నాయి. తోమింది ఆయనే.

"మరి నాకు?" అన్నారు.

"సొట్టది ఉందిగా."

"పప్పుచారు ఒలికిపోద్ది నాన్నా" అంది కెజియ.

"ఒలికితే తుడుచుకుంటాలే" అన్నారాయన. నన్ను మెల్లగా భార్య ముందుకు జరిపి, సొట్ట పళ్ళాన్ని తనవైపు లాక్కున్నారు.