అమ్మ పేరిట ముక్కు పురుగు

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మా ల్యాబ్‌లో అందరికీ తెలుసు. అందుకే ఆ ముక్కు పురుగు కొత్త ప్రజాతిదని నేనంటే ప్రొఫెసర్ కూడా వాదించలేదు. అది దొరికింది అంబర్ ముక్కలో. అంబర్ అంటే ఏనాటిదో చెట్టు జిగురు, రాయిలా గట్టిపడింది. దాని లోపల మెంతి గింజంత పురుగు. ముక్కు చూస్తే ఒక ప్రజాతి పోలిక, గుండ్రటి వీపు చూస్తే ఇంకో ప్రజాతి పోలిక. రెండూ కలిసిన పురుగు లోకంలో ఎవరూ చూడలేదు.

ప్రజాతి అంటే పురుగులకు ఇంటిపేరు లాంటిది. దానికి అమ్మ పేరు పెడతానన్నాను.

"జన్మంతా బియ్యంలోంచి వీటిని ఏరి పారేశాను. ఇప్పుడు నా పేరే వీటికి ఇంటిపేరా?" అని అమ్మ పడీపడీ నవ్వింది. పెళ్లయ్యాక ఫలానా ఆయన భార్య, ఆ తర్వాత నా తల్లి. అమ్మని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఆ సాయంత్రానికే వీధంతా చెప్పేసింది.

నా పరిశోధన వ్యాసం అచ్చు వేసే ముందు సైన్సు పత్రికవాళ్లు పురుగు కుడివైపు ఫొటో కూడా అడిగారు. అటువైపు నురగలాంటి తెలుపు కమ్మేసి ఉండేది. తడి గరుకు కాగితం మీద మెల్లగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. మెడ దగ్గర సన్నటి సందు. దుమ్మనుకుని తుడిచాను. పోలేదు. ఎడమకు తిప్పితే ఒకే పురుగు. కుడికి తిప్పితే తలకు దాని మెడ దానికుంది, మొండేనికి దాని మెడ దానికుంది. ఒక్క పురుగుకు రెండు మెడలేమిటి? కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ తిప్పాను. ఏ కంటిని నమ్మాలో పాలుపోలేదు. రెండేళ్లుగా నేను వర్ణించిందేమిటో నాకే అర్థం కాలేదు.

ఇంటికెళ్లి ఫోన్‌లో రెండు ఫొటోలూ అమ్మకు చూపించాను.

"ఇందులో నాదేదిరా?"

"అదేనమ్మా తెలియట్లేదు. తల ఒకదానిది, మొండెం ఇంకోదానిది. జిగురులో కొట్టుకొచ్చి పక్కపక్కన అతుక్కున్నట్టున్నాయి. రెండిటికీ ఎవరో ఎప్పుడో పేర్లు పెట్టేశారు." ఆగి, గొంతు తగ్గించాను. "కుడివైపు నురగ పోలేదని రాసేస్తే ఎవరికీ తెలియదు. నీ పేరు నిలుస్తుంది."

"అంటే అసలు అలాంటి పురుగే లేదా?"

"లేదమ్మా." ఏడుపొచ్చింది నాకు.

అమ్మ ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

"ఉన్న నాకే పేరు లేకుండా పోయింది. లేనిదానికి నా పేరెందుకురా?"