గేటు దగ్గర ముసల్ది

నమ్మనివాళ్లు ముందు రిచ్‌మండ్ దాటి, ఆ నల్లరేగడి బీళ్లలో ఒక్క జనవరి మధ్యాహ్నం నిలబడి రండి; అక్కడ జనవరంటే నడివేసవి. తర్వాతే వాదానికి దిగండి. అక్కడి ఎండకి కాకులు ఎగరడం మాని నడిచిపోతాయి. కోడి పెట్టిన గుడ్డు ఉడికే బయటికొస్తుంది.

ఆ ఎండలో నోరీన్ టల్లీకి రోజూ ఒకటే పని. లేచి టీ కాచుకోవడం, బక్కచిక్కిన ఆవులకి గడ్డి వెయ్యడం, తొట్టి దగ్గర బురదలో దిగబడ్డవాటిని తాడేసి లాగడం, మళ్లీ టీ కాచుకోవడం. మొగుడు పోయాక అన్నీ ఒక్కతే. వాన మొహం చూసి ఏళ్లయింది.

ఇంటి ముందు బీడులో ముసల్ది ఉంది. ఆ నేలంతా సముద్రంగా ఉన్నప్పుడు అందులో తిరిగిన జంతువు, ఇప్పుడు రాయి. దాని పన్ను పక్కన గడ్డపార పెడితే అగ్గిపుల్లే. ఏడాదికి బెత్తెడు చొప్పున ఉత్తరానికి ఈదుతోంది. దాని దారిలో ఉందని రోడ్డు వైపు గేటుని నోరీన్ మామగారి కాలం నుంచీ తెరిచే ఉంచారు. ఆ ప్రాంతంలో గేటుకి ఒకటే మర్యాద: ఎలా ఉంటే అలా వదిలెయ్యాలి.

ముసల్దాన్ని చూడ్డానికి మ్యూజియం నుంచి వచ్చిన పిల్ల ఓసారి చెప్పింది, లోకం ఐదుసార్లు దాదాపు ఖాళీ అయిందని. ప్రతిసారీ ఏ మూలో చిన్న ప్రాణి ఏదో మిగిలేదట, దాంతోనే మళ్లీ అన్నీ మొదలట.

"పాపం ఆ ప్రాణి," అంది నోరీన్, కప్పులో చక్కెర కలుపుతూ.

ఆ వేసవిలో ఆమె ఇక చాలనుకుంది. మొగుడి తాత తోలుకొచ్చిన మందలో మిగిలిన ఆవుల్ని కబేళాకి పంపి, టౌన్స్‌విల్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోదామని లారీ పిలిపించింది. లారీవాడు గ్యారీ పోలాక్, తీరం వైపు మనిషి. తెరిచున్న గేటులోంచి లోపలికొచ్చి, బుద్ధిమంతుడిలా దిగి దాన్ని మూసేశాడు.

గేటు మూస్తుంటే పరుగెత్తని పశువు ఉందా? ఆవుల్ని లారీ ఎక్కించేలోపు ముసల్ది వందేళ్ల దారి నడిచేసి, గేటుకి తల ఆనించింది. ఇనప చట్రం విల్లులా వంగింది. లోపలికి తెరుచుకునే గేటు, ఇక కదల్లేదు.

"అమ్మా, గేటుకడ్డంగా కొండుంది! ఇందాక లేదు!"

"గేటు మూశావా?"

"మూస్తారు కదా?"

"తెరిచున్నదాన్నా? నిన్ను గేటు లేని ఇంట్లో పెంచారా నాయనా?"

"ట్రాక్టర్‌తో లాగేద్దాం. రాయే కదా."

"నిన్ను లాగినా వస్తావు. లాగనా?"

"పోనీ, కంచె కోస్తే?"

"మా ఆయన ఆఖరుగా వేసిన కంచె అది. దాని మీద చెయ్యి వేసి చూడు." నోరీన్ నుదురు తుడుచుకుంది. "ఆవుల్ని దించు, లారీలో మాడిపోతాయి. టీ తాగుతావా?"

అతను ఆవుల్ని దించుతుంటే, ఆమె ముసల్దాని దవడ నీడలో చతికిలబడింది.

"మీవాళ్లంతా పోయారు. నీ సముద్రమూ పోయింది. ఇంకా ఎక్కడికే ఈ నడక? నన్ను చూడు, ఇవాళే మానేశాను."

ముసల్దాని కంటిగుంతలో తడి ఊరింది. కాసేపటికి గాలి ఉప్పు వాసన కొట్టింది.

తర్వాత పడిన వానలో ఒక్క చినుకు తగిలి టీ కప్పు పగిలింది! రేగడి బంకై లారీని ఇరుసుల దాకా మింగింది. గ్యారీ మెరక మీదున్న ఆ ఇంట్లోనే ఉండిపోయి, రోజూ ఉప్పు మాంసమే తిన్నాడు. బీడంతా నీళ్లయిన రోజు ముసల్ది తల ఎత్తి, తెడ్డులాంటి చెయ్యి ఒక్కసారి ఆడించి, గేటు మీదుగా ఉత్తరానికి ఈదుకుపోయింది.

నీళ్లు ఇంకాక గడ్డి మొలిచింది. ఆవులు తలలు వంచి మేస్తున్నాయి. వరండాలోంచి నోరీన్ చాలాసేపు చూసింది. రానని చెల్లెలికి ఫోన్ చేసింది.

"మళ్లీ మొదలన్నమాట," అని నిట్టూర్చి, బూట్లు తొడుక్కుంది.

అబద్ధమంటారా? వంగిన గేటు ఇంకా అక్కడే ఉంది. అదీ చాలకపోతే ఆ రోడ్డు మీద పశువుల లారీ తోలే ఒకతన్ని అడగండి. ఏ గేటు దగ్గరైనా దిగి, టోపీ తీసి, అటూ ఇటూ చూసి, అదెలా ఉందో అలాగే వదిలి వెళ్తాడు. పేరు గ్యారీ పోలాక్.