రాయిస్ ఇచ్చిన సలహా

ఇరవై ఏళ్ళ సావాసంలో రాయిస్ హాల్వర్‌సన్ ఎవరికీ కాఫీ కొనిపెట్టిన పాపాన పోలేదు. అలాంటివాడు ఆ సోమవారం ఫైర్ స్టేషన్‌లో మార్లిస్ బల్ల మీద వేడి కాఫీ, పక్కనే ఒక కాలేజీ కరపత్రం పెట్టేసరికి, ఆమెకు రెండిటి మీదా అనుమానం కలిగింది.

ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరినవాళ్ళు. డిప్యూటీ చీఫ్ పదవికి ఇద్దరూ పోటీపడితే అది రాయిస్‌కు దక్కింది. ఊళ్ళోని కట్టడాలకు అగ్నిభయం లేకుండా చూసే తనిఖీ పని మార్లిస్‌కు వచ్చింది. అప్పటినుంచి మాటలు పొదుపుగానే సాగుతున్నాయి. ఇప్పుడతను, అగ్ని రక్షణలో డిగ్రీ చెయ్యమనీ, పాత చదువు కలుపుకుంటే రెండేళ్ళలో అయిపోతుందనీ, ఫీజులో సగం నగరం ఇచ్చేలా తాను సంతకం పెడతాననీ చెప్పాడు. షరతు ఒక్కటే. చదువయ్యాక అయిదేళ్ళు ఇక్కడే పనిచెయ్యాలి.

"పోనీ మంచికే చెప్పాడేమో," అన్నాడు ఆమె భర్త ఆరిన్, ఆ సాయంత్రం ఇంట్లో చేపల గాలానికి దారం ముడివేస్తూ.

"రాయిసా? తనకి లాభం లేనిదే పక్కవాడికి టైమెంతయిందో కూడా చెప్పడు."

తమ వాటా పద్నాలుగు వేల డాలర్లు. ఇంటికి కొత్త కప్పు వేయించడానికి దాచినదంతా దానికే సరి. ఆమెకు నలభై మూడేళ్ళు. ఈ ఊళ్ళో డిగ్రీ ఉన్నా లేకపోయినా జీతంలో పెద్ద తేడా ఉండదు. కాలేజీకి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి అవకాశాలకు కొదవ లేదంది. చదివినవాళ్ళలో ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయని రెండుసార్లు అడిగినా మాట దాటేసింది. దాంతో మార్లిస్‌కు అనుమానం ముదిరింది. కరపత్రంలో పాత విద్యార్థినిగా ఫోటో ఉన్న డెనీస్ అనే ఆవిడ ఆచూకీ తీసి ఆమెకే ఫోన్ చేసింది. డెనీస్ మిల్వాకీలో ఒక బీమా కంపెనీలో పనిచేస్తోంది.

"ఇది లేకపోతే ఇక్కడ నా దరఖాస్తు తిప్పి కూడా చూసేవాళ్ళు కాదమ్మా," అందావిడ. "కానీ నేను ఊరు వదిలొచ్చాను. ఉన్నచోటే ఉండేదానివైతే గోడకి తగిలించుకోడానికే."

మరి రాయిస్ తనను అయిదేళ్ళు ఉన్నచోటే ఎందుకు కట్టెయ్యాలనుకుంటున్నట్టు? ఇక లాభం లేదని అతన్నే నిలదీసింది. రాయిస్ ఫైరింజను పక్కన తడి గొట్టాలు చుడుతున్నాడు.

ముందు కాసేపు నసిగి, తర్వాత నిజం చెప్పాడు. ఊళ్ళో తనిఖీలన్నిటికీ పెద్ద అయిన ఫైర్ మార్షల్ రెండేళ్ళలో దిగిపోతున్నాడు. ఇకమీదట ఆ కుర్చీకి డిగ్రీ తప్పనిసరి చెయ్యాలని నగర కౌన్సిల్ అనుకుంటోంది. ఇక్కడ ఎవరికీ లేకపోతే మినియాపోలిస్ నుంచి ఎవరినో తెచ్చి నెత్తిన కూర్చోబెడతారు. తనకా, లెక్కలంటేనే చలిజ్వరం.

మార్లిస్‌కు మనసు కాస్త తేలికపడింది. ఇన్నాళ్ళూ అతన్ని అన్యాయంగా అనుమానించానా అనుకుంటుండగానే రాయిస్ ఇంకో మాట జారాడు.

"బయటోడికి మన సంగతులేం తెలుస్తాయి? మా తమ్ముడి సామిల్లు లాంటివి చూసి రూల్సంటూ మీదపడతాడు. నువ్వయితే మనవాళ్ళని చూసీ చూడనట్టు పోతావు."

ఆ సామిల్లును ఆమె ఒక్కసారీ తనిఖీ చెయ్యలేదు. ఏటా తమ్ముడి దగ్గరికి తానే వెళ్తానని రాయిస్ అడ్డుపడేవాడు. అప్పట్లో అది పని పంచుకోవడమే అనుకుంది.

మర్నాడు పొద్దున్నే చెప్పాపెట్టకుండా మిల్లుకు వెళ్ళింది. దూలాల మీద రంపపు పొట్టు చెయ్యి మునిగేంత మందాన పేరుకుంది. మంట రేగితే పైనుంచి నీళ్ళు చల్లే స్ప్రింక్లర్లకు నీళ్ళు వదిలే వాల్వు చక్రానికి గొలుసు వేసి తాళం పెట్టారు. చలికి పైపు పగిలితే బాగుచేయించకుండా నీళ్ళే ఆపేశారట. లోపల పద్దెనిమిది మంది పనిచేస్తున్నారు. అక్కడికక్కడే రంపాలు ఆపించింది.

గంట తిరక్కుండా రాయిస్ వచ్చాడు. అతని ముఖం కందగడ్డలా ఉంది.

"నీకు మేలు చెయ్యబోతే ఇదా నువ్విచ్చే బహుమానం?"

"నువ్వు చెప్పబట్టే వచ్చాను రాయిస్. లేకపోతే ఇంకెన్నేళ్ళు పట్టేదో."

మిల్లు బాగై తెరుచుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా నగరం ఇస్తానన్న సగం కాస్తా ఆవిరైపోయింది. రాయిస్ సంతకం పెట్టలేదు, ఆమె అడగనూ లేదు. డిగ్రీలో మాత్రం చేరింది. మొత్తం ఫీజుకు కప్పు కోసం దాచింది చాలక, ఆరిన్ తన చేపల పడవను అమ్మకానికి పెట్టి అప్పుకు కూడా సిద్ధపడ్డాడు. మార్షల్ కుర్చీ తనకు వస్తుందన్న నమ్మకం ఆమెకు లేదు. రాకపోతే డెనీస్‌లా ఊరు వదలాలి. అలా వదిలి వెళ్ళగలదో లేదో తనకే తెలియదు.

"ఇంతకీ రాయిస్ సలహా మంచిదేనంటావా?" అనడిగాడు ఆరిన్.

"ఇంకా తేలలేదు," అంది మార్లిస్, నీటి ఒత్తిడి మీద మొదటి పాఠం మళ్ళీ మొదటినుంచి చదువుతూ.